నూట నలభై అడుగులు

కిందటి వారం ఎక్కడ ఆపానో ముందు చెప్పేస్తాను. నా కూతురు రూతు చేతికి నేనే ఇచ్చిన మూడు గిన్నెల సత్తు కేరేజీ, మా ఇంటి మీదికి ఎంత మాట తెచ్చిందో చెబుతూ ఆపాను. కొత్తగా చదివేవారి కోసం నాలుగు ముక్కలు మళ్ళీ రాస్తాను, మిగతావాళ్ళు విసుక్కోకండి.

రూతుకి పసితనం నుంచీ ఉబ్బసం. దానికి ముందు ఇద్దరిని మట్టికి ఇచ్చుకున్నదాన్ని కనుక, అది ఒక్కసారి దగ్గితే చాలు, నా కళ్ళముందు పెట్టె కొలతలు కదిలేవి. ట్రైనింగు పాసై ఇంటికి వచ్చాక, దాని ఇరవై ఒకటో యేట, అమలాపురంలో ఒక పెద్ద డాక్టరుగారు మందుతోబాటు నడక కూడా రాసిచ్చారు. రోజూ తెల్లవారగానే ఏటిగట్టు మీద నడవమన్నారు. మొదటి నెల మందు మింగినట్టే నడిచింది. రెండో నెల నుంచీ ఇష్టపడి నడిచింది. మా కష్టం అక్కడ మొదలైంది. జబ్బుకి నడిస్తే ఊరు జాలిపడుతుంది. ఇష్టానికి నడిచే ఆడపిల్లని ఏమనుకోవాలో ఊరికి తెలియదు.

మా వైపు గట్టు మీద ఎదురుపడినవాళ్ళని ఎక్కడికి అని అడగరు, బయలుదేరిన మనిషికి మంచిది కాదంటారు. ఎందాకా అని అడుగుతారు. పొలానికనో, రేవుకనో, చుట్టాలింటికనో ఏదో ఒకటి చెప్పాలి. రూతు మాత్రం నవ్వి, ఊరికేనండి, అనేది. ఊరికే నడవడమేమిటని నాలుగు రోజులు నవ్వుకున్నారు. ఆ తరవాత నవ్వడం మానేశారు. నవ్వడం మానేశాకే నాకు భయం పట్టుకుంది. చేతిలో ఏదైనా ఉంటే పనిమీద పోతున్నట్టుంటుంది కదా అని ఖాళీ కేరేజీ ఒకటి చేతికిచ్చాను. కాదనలేదు పిచ్చిది. ఆర్నెల్లు మోసింది.

గట్టు మీద మూడో మైలురాయికి కాస్త ఇవతల, వరద సామాన్లు పెట్టే రేకుల షెడ్డు ఉంది. వేసవిలో సత్యం అనే కుర్రాడు వర్క్ ఇన్‌స్పెక్టరుగా వచ్చి అందులో దిగాడు. పెళ్ళి కాలేదు, వండిపెట్టేవాళ్ళు లేరు. రోజూ అటే కేరేజీ పట్టుకుని పోయే పిల్ల. ఇంక ఊరికి ఏం కావాలి? ఒకనాడు పాలు పోస్తూ లోవమ్మ, ఇన్‌స్పెక్టరుగారికి ఇవాళ ఏం కూర పంపేరండీ అమ్మగారూ అని మామూలుగా, మంచిగానే అడిగింది. ఆ రోజే నేను రూతుని గడప దాటకుండా ఆపేశాను. వారం తిరక్కుండానే సంఘపెద్ద గంగయ్యగారు కబురుపెట్టారు, వచ్చే ఆదివారం బల్ల ఆరాధన ఉంది, శనివారం సాయంత్రం వచ్చి ఒక మాట అడగాలి అని. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆ ఆరాధనలో, నడవడి మీద మాట పడినవాళ్ళని బల్లకి దూరంగా వెనక కూర్చోబెడతారు. మా సంఘంలో ఒక పిల్ల అలా వెనక్కి వెళ్ళి, మళ్ళీ ముందుకి రాలేదు. ఇప్పుడు ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

ఆ శనివారం సంగతే ఇవాళ రాయాలి. కాని దానికి రెండు రోజుల ముందు నేనొక పని చేశాను. అది దాచిపెట్టి శనివారం గురించి రాస్తే నేను రాసేదంతా అబద్ధమే అవుతుంది.

రూతు తొమ్మిది రోజులు ఇంట్లో ఉంది. ఏడో రోజుకి ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. బుధవారం పడుకోలేక, మంచం పట్టె పట్టుకుని కూర్చునే తెల్లవార్చింది. గురువారం నేను లేచేసరికి దాని పెదవుల చుట్టూ నీలంగా ఉంది. ఊరి మాటలకి జడిసి పిల్లని ఆపాను, ఇప్పుడు ఆ పిల్లే పోయేటట్టుంది. లే, పోదాం పద, నేనూ వస్తాను, అన్నాను. కాలేజీలో ఎన్‌సీసీ వాళ్ళిచ్చిన కేన్వాసు బూట్లు వేసుకుని, అలవాటు చొప్పున కేరేజీ అందుకుంది. వద్దని నేనూ అనలేదు.

ఆ గట్టు మీద నేను ఎన్ని వందలసార్లు నడిచి ఉంటానో. ఆస్పత్రికి నడిచాను, రేవుకి నడిచాను, చావులకి నడిచాను. ఏ పనీ లేకుండా నడవడం మాత్రం అదే మొదలు. పని లేని నడకలో చేతులు ఏం చెయ్యాలో కూడా తెలియలేదు నాకు. కాళ్ళు వాటంతట అవే పరుగు తీస్తున్నాయి. రూతు నా చెంగు పట్టుకుని వెనక్కి లాగింది.

"అమ్మా, మనల్ని ఎవరూ తరమట్లేదు," అంది.

గోదారికి అప్పటికే కొత్తనీరు వచ్చింది. ఎర్రగా, నిండుగా, గట్టు కాళ్ళు తడుపుతూ పోతోంది. గుర్రపుడెక్క తెప్పలు తెప్పలుగా కొట్టుకొస్తోంది. లంకలో రెల్లు చివళ్ళు మాత్రమే నీటిపైన ఊగుతున్నాయి. లోపలివైపు తోటల్లోంచి పీచు నానేసిన గుంటల కంపు, దానిమీద తడిసిన మట్టి వాసన. రూతు ఇవన్నీ నాకు చుట్టాలని పరిచయం చేసినట్టు చూపించింది. ఈ చెట్టుమీద లకుముకిపిట్ట ఉంటుందమ్మా, మనం వస్తే ఒక్కసారి అరిచి అవతలి చెట్టుకి పోతుంది, అంది. అలాగే అరిచి పోయింది. ఒకనాడు వెనక్కి తిరగబుద్ధి కాక అయిదు మైళ్ళు పోయిందట, నాతో చెప్పలేదట. ఇంకో రోజయితే అక్కడికక్కడే చీవాట్లు పెట్టేదాన్ని.

మొదటి అర మైలు దాని ఛాతీలో కూత నాకు వినబడుతూనే ఉంది. తరవాత పల్చబడింది. రెండో రాయి దగ్గరికి వచ్చేసరికి లేదు. పెదవులకి రంగు వచ్చింది.

"ఇంట్లో ఉంటే పీల్చిన ప్రతి ఊపిరీ లెక్కే అమ్మా," అంది నెమ్మదిగా. "నడుస్తుంటే నాకు ఊపిరి ఒకటుందని మరిచిపోతాను. అందుకేనమ్మా నడిచేది. ఇంకేం లేదు."

 కాసేపటికి నాకే తెలిసింది, రెండో రాయి దాటినప్పటి నుంచీ నేను దేనికీ భయపడలేదని. నా పుట్టుకలో అంత దూరం భయపడకుండా ఎప్పుడూ నడవలేదు. అది తెలియగానే మళ్ళీ భయం వేసింది.

ఎదురుగా మా ఊరి మీనాక్షమ్మగారు, ఏట్లో స్నానం చేసి, తడిచీరతో చెంబు పట్టుకుని వస్తున్నారు. తల్లీకూతుళ్ళు ఎందాకా అని అడిగారు. కొత్తపేట బస్సుకండి, అన్నాను. ఆవిడ నా మొహం చూసి, కేరేజీ చూసి, బస్సు అటు కదే కృపావతీ, అన్నారు.  ఏరు బాగోలేదు, దూరం పోకండి, అని తన దారిన పోయారు. నాకు తల కొట్టేసినట్టయింది. రూతు మాత్రం పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తొమ్మిది రోజుల తరవాత అదే నవ్వడం.

షెడ్డు దాటాము. తలుపు వేసే ఉంది. మూడో రాయి దగ్గర రూతు మాట్లాడడం ఆపేసి పెదవుల్లో ఏదో లెక్కపెట్టుకుంటూ నడిచింది. నూట నలభై అని ఆగింది. లోపలివైపు వాలులో బలుసు పొదల కిందికి దిగి, గడ్డి పక్కకి తీసి నన్ను పిలిచింది.

చిటికెన వేలంత ధారగా నీళ్ళు కారుతున్నాయి.

అప్పుడు చెప్పింది. నేను ఆపిన రోజుకి ముందురోజు అక్కడ గడ్డి చెమ్మగా ఉండడం చూసి, గుర్తుండాలని రాయి నుంచి అడుగులు లెక్కపెట్టుకుందట. మర్నాడు లస్కరు నూకరాజుకి చూపిద్దామనుకుందట. మర్నాడు నేను పోనివ్వలేదు. రోజూ గట్టు చూసుకుంటూ తిరిగే నూకరాజే దానికి ఒకసారి చెప్పాడట, గట్టు చెమరిస్తే భయం లేదు పాపా, తేటనీరు కారినా కంగారు లేదు, నీళ్ళతోబాటు మట్టి వచ్చిందంటే మాత్రం లోపల బొరియలా బుంగ పడినట్టే, ఇంక పరుగెత్తాలి అని.

రూతు కేరేజీ అడుగు గిన్నె తీసి ధార కింద పట్టింది.  నీళ్ళు చిక్కగా, కాఫీ డికాషన్‌లా ఉన్నాయి. ఏరే బురదగా ఉంటే ఇవి మాత్రం తేటగా ఎలా ఉంటాయి, అన్నాను. రూతు నా మాట వినిపించుకోలేదు. లేచి నిలబడి వెనక్కి షెడ్డు వైపు చూసింది.

"ఇన్‌స్పెక్టరుగారికి చెప్పాలమ్మా."

 ఊళ్ళో ఎవరూ ఏది చూడకూడదనుకున్నానో, ఆ ఒక్క మాటకి అదే కళ్ళముందు కనబడింది. పొద్దుటిపూట, ఆ తలుపు, ఆ గుమ్మంలో కేరేజీతో నా కూతురు. మీనాక్షమ్మగారు ఇప్పుడే చూసిపోయారు. ఎల్లుండి గంగయ్యగారు వస్తారు.

"నువ్వు ఆ గుమ్మం ఎక్కావంటే మళ్ళీ మన గుమ్మం ఎక్కొద్దు," అన్నాను.

అన్నాను, నిజమే. రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. గట్టు చూసుకోవడానికి నూకరాజు ఉన్నాడు, జీతం తీసుకునేది వాడు, వాడు చూసుకుంటాడు అని దారిపొడుగునా చెబుతూనే ఉన్నాను. దానికి చెప్పానో నాకు నేను చెప్పుకున్నానో. ఇంటికి రాగానే ఆ నీళ్ళు పారబొయ్యమన్నాను. బైబిలు మీద చెయ్యి వేయించి, ఇవాళ మనం అక్కడికి వెళ్ళినట్టు గాని, చూసినట్టు గాని ఎవరితోనూ చెప్పనని ఒట్టు వేయించాను. ఒట్టు పెట్టుకోవద్దని ఆ పుస్తకంలోనే ఉంది. నాకు తెలుసు.

శుక్రవారం వాన పట్టుకుంది. శనివారం మధ్యాహ్నం రేడియోలో ధవళేశ్వరం దగ్గర రెండో హెచ్చరిక ఇచ్చారని చెప్పారు. రూతు నా వైపు చూసింది. నేను బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ తల ఎత్తలేదు. దానికి మళ్ళీ పిల్లికూతలు మొదలయ్యాయి.

నాలుగున్నరకి గంగయ్యగారు వచ్చారు. గొడుగు వరండాలో ఆరబెట్టి, చెప్పులు మెట్టు కింద విడిచి, కాళ్ళు కడుక్కుని మరీ లోపలికి వచ్చారు. చిన్నప్పుడు రైతుల దగ్గర తట్టలు మోసిన మనిషి. ఇప్పుడు కొడుకులిద్దరూ ఉద్యోగాల్లో ఉన్నా, ఎవరింటికి వెళ్ళినా కుర్చీ అంచున కూర్చుంటారు. ఒకరిని గట్టిగా అన్న మాట నేను ఆయన నోట వినలేదు. అందుకే ఆయనంటే మరీ భయం. కాఫీ ఇచ్చాను. ముట్టుకోలేదు.

మా ఆయన దానం మాస్టారు ఎలిమెంటరీ స్కూల్లో పంతులు. మంచి మనిషి, ఏ సంగతైనా పిల్లలకి పాఠం చెప్పినట్టు చెబుతారు. నడక వల్ల గుండెకి, ఊపిరితిత్తులకి ఎంత మేలో, పై దేశాల్లో ఆడవాళ్ళు సైతం కొండలెక్కి సరదాకి ఎలా నడుస్తారో చెప్పుకొచ్చారు. గంగయ్యగారు ఆయ్, ఆయ్ అంటూ అంతా విన్నారు.

"నడకకి కాళ్ళు చాలు గదండీ మాస్టారూ," అన్నారు చివరికి. "కేరేజీ ఎందుకండి?"

మాస్టారి దగ్గర దానికి పాఠం లేదు. నా వైపు చూశారు. రూతు గోడకి ఆనుకుని నిలబడి ఉంది. దాని ఊపిరి చప్పుడు గదిలో అందరికీ వినబడుతోంది. గంగయ్యగారు దాన్నే అడిగారు, ఎవరికి పట్టుకెళ్తున్నావమ్మా, చెప్పేస్తే నీకూ మాకూ భారం దిగిపోద్ది, అని. అది నోరు విప్పలేదు. ఆయన మళ్ళీ అడిగారు. విప్పలేదు. తప్పు చేసిన పిల్లలాగే ఉంది చూసేవాళ్ళకి. నాకు మాత్రమే తెలుసు, అది నాకిచ్చిన మాట పట్టుకుని నిలబడిందని.

"ఖాళీదండి అన్నయ్యగారూ," అన్నాను నేను. "నేనే ఇచ్చానండి. ఊరికే తిరుగుతోందంటారని, పనిమీద పోతున్నట్టు కనపడాలని."

గంగయ్యగారు నావైపు తిరిగారు.

"ఆర్నెల్లు ఖాళీ కేరేజీ మోసిందంటారు."

"ఆయ్."

"రేపు నేనీ మాట సంఘంలో చెబితే, చెల్లెమ్మా, చంటిపిల్లలు కూడా నమ్మరు."

నాకు ఒక్కసారిగా పౌరుషం వచ్చింది. అన్నం కూరలు పెట్టిన సత్తు గిన్నెకి పసుపు మరక ఉంటుంది, జిడ్డు ఉంటుంది. మా గిన్నెల్లో ఒక్క మెతుకు పడలేదు, కొన్ననాడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. మీరే చూడండి, అని వంటింట్లోకి వెళ్ళి అటకమీద కేరేజీ అందుకున్నాను.

బరువుగా ఉంది.

రూతు మొహం చూశాను. అది కళ్ళు దించుకోలేదు. వెనక్కి పెట్టేద్దామనుకున్నాను, కాని గంగయ్యగారు గుమ్మందాకా వచ్చి చెయ్యి చాపారు. అడుగు గిన్నె కదిలి లోపల నీళ్ళు చప్పుడైన సంగతి ఆయనా విన్నారు. ఖాళీది అన్న నోటితో నేనింకేం చెప్పను? ఆయన పీట మీద పెట్టుకుని, కమ్మీలు తప్పించి, గిన్నె వెంబడి గిన్నె దించారు. పై రెండూ తళతళలాడుతూ ఉన్నాయి. అడుగుదాంట్లో నీళ్ళు తేరుకుని, కింద రెండు వేళ్ళ మందాన మడ్డి పేరుకుని ఉంది.

మాస్టారు ఇదేమిటన్నారు.  గంగయ్యగారు చొక్కా చెయ్యి పైకి మడిచి, నీళ్ళలో చెయ్యి పెట్టి అడుగున మట్టి తీశారు. రెండు వేళ్ళ మధ్య నలిపారు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో చూశారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తిరిగి వచ్చేటప్పటికి ఆయన వేరే మనిషి.

"ఏటి ఒండ్రు ఎర్రగా ఉంటాది," అన్నారు. "ఇది నల్లమట్టి. యాభైమూడు వరదలో గండి పూడ్చినప్పుడు ఈ మట్టే తట్టలతో మోసేను నేను. ఇది గట్టు లోపలి మట్టి. ఇది బయటికి ఎలా వచ్చిందమ్మా రూతూ?"

అది అప్పుడు కూడా నా వైపే చూసింది. నేను తల ఊపాను. నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అదొక్కటే, అది కూడా రెండు రోజులు ఆలస్యంగా.

"మూడో రాయి దాటేక నూట నలభై అడుగుల దగ్గర మావయ్యగారూ," అంది రూతు, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ. "లోపలివైపు. చెప్పనని ఒట్టేశాను. పారబోస్తానని వెయ్యలేదు. అందుకని దాచాను."

"ఎప్పుడు పట్టేవు ఇది?"

"గురువారం పొద్దున్నండి."

"ఇవాళ శనివారం," అన్నారు గంగయ్యగారు. నాకేసి చూడకుండానే అన్నారు. "నూకరాజుకేనా చెప్పేరా?"

వాడే చూసుకుంటాడనుకున్నానండి, అన్నాను.  నూకరాజు పదిరోజులై జ్వరంతో మంచం దిగలేదు, కొత్త మనిషిని ఇంకా వెయ్యలేదు, ఆ వైపు గట్టు చూసేవాళ్ళే లేరు, అని గంగయ్యగారు నెమ్మదిగా చెప్పారు. నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

ఆ తరవాత అంతా త్వరత్వరగా జరిగిపోయింది. పొదల్లో ఆ చోటు వేరేవాళ్ళకి దొరకదు, రూతు అడుగుతోనే కొలవాలి. వానకి గట్టు జారుడుగా ఉంది, సైకిలు నడవదు, రూతుని మోసుకుపోవడానికి లేదు. పేటలో మగవాళ్ళని పారలు, తట్టలతో తోలుకుని వస్తామని గంగయ్యగారు, మాస్టారు బయలుదేరారు. మెట్టు దిగబోతూ గంగయ్యగారు ఆగారు.

"మీ తల్లీకూతుళ్ళు ముందు పదండి. దారిలో షెడ్డు తలుపు కొట్టి ఆ సత్యంగారితో చెప్పమ్మా రూతూ," అన్నారు. కాస్త ఆగి, "ఊరంతా చూసినా సరే," అన్నారు.

కేరేజీ చేత్తో పట్టుకునే వెళ్ళాను నేను. ఇన్‌స్పెక్టరు అడిగితే ఆ మట్టి చూపించాలి కదా.

గురువారం నడిచిన దారే. ఏరు మాత్రం ఆ ఏరు కాదు. గట్టు అంచుకి రెండు మూరల కిందిదాకా ఎక్కేసింది. చప్పుడు లేదు, అదే భయం. లంకలో రెల్లు చివళ్ళు కూడా లేవు. లకుముకిపిట్ట ఉండే చెట్టు మొదలు నీళ్ళలో ఉంది. రూతు మొదటి రాయి దగ్గరే వంగిపోయింది. కూర్చో కాసేపు అంటే తల అడ్డంగా ఊపి నడిచింది. నడిస్తే తగ్గుతుందమ్మా అంది. తగ్గలేదు. పదకొండు రోజుల్లో ఒక్కసారి నడిచిన పిల్ల, గాలినిండా చెమ్మ. తూము దగ్గర గొడ్లని గట్టెక్కించుకొస్తున్న మనుషులు, ఎందాకా అమ్మగారూ, అన్నారు. రూతు ఆగింది. ఊపిరి కూడదీసుకుంది.

"గట్టుకి బుంగ పడిందండి. అక్కడికి," అంది.

వాళ్ళు నవ్వలేదు. గొడ్లని వదిలేసి ఊళ్ళోకి పరుగెత్తారు.

షెడ్డు తలుపు రూతే కొట్టింది. సత్యం తలుపు తీశాడు. ఇంకా నూనూగు మీసాల కుర్రాడు, లుంగీ, చేతిలో గరిటె. వెనకాల స్టవ్వు మీద అన్నం మాడిన కంపు కొడుతోంది. ఊరంతా మా ఇంటి కేరేజీ తిని బతుకుతున్నాడన్న మనిషి ఇతనే. రూతుని చూసి గరిటె ఎక్కడ పెట్టాలో తెలియక వెనక దాచుకున్నాడు.

"మీరు రోజూ నడిచే అమ్మాయిగారు కదండీ," అన్నాడు. "పదిరోజులై కనపళ్ళేదు, ఒంట్లో బాగోలేదేమో అనుకున్నానండి."

అంతే వాళ్ళిద్దరి పరిచయం. ఇన్ని నెలలకి అదే మొదటి మాట. నేనక్కడే నేలమీద కూలబడి ఏడ్చేదాన్నే, అంత సమయం ఉంటే. సంగతి చెప్పాము. మట్టి చూపించబోతే చూడను కూడా లేదు, నల్లగా వచ్చిందా అని ఒక్క మాట అడిగాడు. స్టవ్వు ఆర్పి, మీరు వెళ్ళి చోటు చూపిస్తూ పైన నిలబడండి, కిందికి మాత్రం దిగొద్దు, ఇసుకబస్తాలు, తాడు తీసుకుని మీ వెనకే వస్తున్నానన్నాడు.

మూడో రాయి దగ్గర ఆగాము. వాన తగ్గి తుప్పరగా పడుతోంది. ఇంకా వెలుగుంది. రూతు రాయి మీద చెయ్యి ఆనించి నిలబడింది, నోరు తెరిచి పీలుస్తోంది, లోపలికి ఏమీ పోవడం లేదు. ఒకటి అని మొదలుపెట్టింది. నలభై దాకా చెప్పగలిగింది. ఆ తరవాత నోటి వెంట అంకె రాలేదు.

"నేను లెక్కపెడతాను," అన్నాను. "నేను ముందు నడుస్తాను. నా అడుగు నీ అడుగంతే వేస్తాను. నువ్వు నా భుజం పట్టుకో."

ఎందుకు ముందు నడిచానో ఎవరూ అడగక్కర్లేదు. తల్లిని, ఇరవై ఒక్కేళ్ళుగా అన్నిటికీ దాని కంటే ముందు నేనే భయపడ్డాను. ఇదీ అంతే అనుకున్నాను. రూతు నా వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. అడుగు పొట్టిగా పడితే వేళ్ళతో ముందుకి నెట్టింది, పొడుగ్గా పడితే వెనక్కి లాగింది. అలా దాని నడక నా కాళ్ళలోకి వచ్చింది. యాభై. అరవై. ఒక చేతిలో కేరేజీ, ఒక చేత్తో కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకున్నాను. కుడివైపు ఏరు, ఎడమవైపు కొబ్బరితోటలు, వాటి వెనక మా ఊరి పొగలు. ఎనభై. దాని ఛాతీలో కూత నా మెడ వెనక వినబడుతూనే ఉంది. ఆ కూత వినబడినంతసేపూ పిల్ల ఉన్నట్టే కదా అనుకున్నాను. వంద. వెనక సత్యం బస్తా దింపిన చప్పుడు, ఆగమంటున్నాడో రమ్మంటున్నాడో, గాలికి మాట తెలియలేదు.

నూట పది. బలుసు పొదలు కనబడ్డాయి. గురువారం నిలువుగా ఉన్న పొదలు ఇవాళ తోటవైపు ఒరిగి ఉన్నాయి. వానకి ఒరిగాయనుకున్నాను.

నూట ఇరవై. రూతు వేళ్ళు నా భుజంలో దిగబడ్డాయి. వెనక్కి లాగుతోంది. అడుగు పొడుగ్గా పడిందేమో అనుకుని కాస్త చిన్నది వేశాను. ఇంకా గట్టిగా లాగింది. మాట్లాడడానికి దానికి ఊపిరి లేదు.

నూట ఇరవై నాలుగు అన్నాను. ఇంకా పదహారు అడుగులున్నాయి కదా, పైన గడ్డి మామూలుగానే ఉంది కదా అని ధైర్యంగానే కాలు వేశాను.

కేరేజీ ముందు పడింది. అది నేలకి తగిలిన చప్పుడు వినబడలేదు. నా కాలి కింద గట్టు లేదు.